టేబుల్ మీద కాగితం

పీహెచ్‌డీతోనే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం నాలుగేళ్లకే లెవెల్ 10 నుంచి 11కి వెళ్లొచ్చు. సర్వీసు ఒక్కటే చాలదు. 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు, దానిపైన రిఫ్రెషర్ లాంటిది మరొకటి చేసి ఉండాలి. ఆ కోర్సుకి దరఖాస్తు డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతోనే కదులుతుంది. నాది కదల్లేదు.

మొదటిసారి అడిగినప్పుడు హెడ్ సార్ తలెత్తకుండానే, "నువ్వెళ్తే ల్యాబులెవరు చూస్తారమ్మా, మీ ఆయనా?" అన్నారు. గదిలో ఉన్న సీనియర్లిద్దరూ నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో అడ్డుపడుతుంది.

రెండోసారి "ఆన్‌లైన్ కోర్సే సార్" అన్నాను. అక్కడ పెట్టి వెళ్లమన్నారు. గడువు దాటాక వెళ్లి చూస్తే కాగితం మీద టీ గ్లాసు మరక గుండ్రంగా ఉంది. సంతకం లేదు. మూడోసారి రాయడానికి చెయ్యి రాలేదు.

నాతో పాటు వేరే డిపార్ట్‌మెంట్లలో చేరినవాళ్లు లెవెల్ 11కి వెళ్లిపోయారు. జీతం తేడా కంటే ఎక్కువగా కుంగదీసింది ఇంకొకటి. పొద్దున్నే క్లాసుకి బయల్దేరుతుంటే కడుపులో తిప్పేది. నాకు పాఠం చెప్పడమే రాదేమో అనుకునేదాన్ని.

ఆరో ఏడు వంతు మారి మేడం హెడ్‌గా వచ్చారు. మొదటి వారమే నన్నడిగి, నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఆ రోజు టైట్రేషన్ లెక్కలు. వరండాలోకి వచ్చాక, "లెక్క చక్కగా విప్పావు. కానీ గంటంతా బోర్డుకే చెప్పావమ్మా, పిల్లలకి కాదు" అన్నారు. ఆరేళ్లలో నా పాఠం గురించి ఒక మనిషి మాట్లాడడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోర్సు మాటెత్తగానే, "నీ ల్యాబులు రెండు నేను తీసుకుంటాను, మిగతావి సర్దుదాం" అంటూ నిలబడే సంతకం పెట్టారు.

ప్రమోషన్ వచ్చింది. పోయిన రెండేళ్లు రాలేదు.

హెడ్ కుర్చీలో ఉన్నవారికి ఒక్క మాట. మీ టేబుల్ మీదున్న కాగితం మీద ఈరోజే ఏదో ఒకటి రాయండి. కుదరదనైనా రాయండి. కాదని రాసిచ్చి ఉంటే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లేదాన్ని. టీ మరక పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లను?