వేగానికి తరగతులు, జ్ఞాపకానికి?

చిటికెనవేలి గోరంత బిళ్ళ. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ మైక్రోఎస్‌డీ కార్డు మీద అచ్చయిన గుర్తులన్నీ చదవాలంటే నా కళ్ళకు భూతద్దం కావాలి.

పెద్ద అంకెల్లో కనిపించేది సాధారణంగా చదవడంలోని గరిష్ఠ వేగం. అది అమ్మేవాడి గొప్ప. పక్కన నలుసంత ‘వీ30’ మాత్రం కార్డు ఇచ్చే మాట: వ్రాసేటప్పుడు సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గనని. ఆ కనీసపు హామీ లేకపోతే వీడియో నడుమ తెగిపోవచ్చు. ఎంత ఎగరగలదో కాక, ఎంతకు దిగజారదో చెప్పే ఈ కొలమానం నాకెంతో నచ్చింది. మనుషులను తూచడానికీ అదే మేలేమో!

యూహెచ్ఎస్-1 కార్డుల వేగానికి హద్దు సెకనుకు 104 మెగాబైట్లు. 2019లో ప్రకటించిన మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్, కంప్యూటర్ల లోపలి పీసీఐఈ మార్గాన్ని అరువు తెచ్చుకుని 985కు ఎగబాకింది. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 ఆటలను దాచుకోవడానికి ఈ రకం కార్డునే కోరుతుంది. విచిత్రమేమంటే, ఈలోగా ఖరీదైన ఫోన్లు అనేకం కార్డుకు చోటే లేకుండా చేశాయి. 2021 నాటి శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్21 అందుకొక ఉదాహరణ. బాట వెడల్పయ్యే వేళకు వాకిలి మూసుకున్నది.

మా అమ్మ పాడిన మంగళహారతులు ఒక పాత 2 జీబీ కార్డులో ఉన్నాయి. ఆ కంఠానికి సెకనుకు పదహారు కిలోబైట్లు చాలు. అట్టడుగు తరగతి కార్డు కూడా దానికి ఎక్కువే. కొత్త రీడరు దానిని నేటికీ ఆదరిస్తున్నది. పాతవారిని గడప దగ్గరే నిలబెట్టని ఈ మర్యాద ప్రమాణాలు చేసిన మేలు.

కానీ ఎన్నేళ్ళు గుర్తుంచుకోగలదో ఆ వేగపు గుర్తుల్లో ఒక్కటీ చెప్పదు. ఫ్లాష్‌లో అక్షరమంటే నిరోధకపు పొరల నడుమ బంధించిన విద్యుదావేశం. ఏళ్ళ తరబడి అలా పడి ఉంటే అది మెల్లగా జారిపోతుంది. వేడి దానిని తొందరపెడుతుంది. తాళ్ళపాకవారి సంకీర్తనలు రాగిరేకుల మీద శతాబ్దాలు నిలిచాయి. తాటాకుకు అంత ఆయువు లేదు కనుకనే వ్రాయసగాళ్ళు తిరగ వ్రాస్తూ వచ్చారు. మన కార్డు తాటాకు కులానిది.

అందుకే మొన్న సంక్రాంతికి ఆ పాటలను రెండు చోట్లకు తిరగ వ్రాసుకున్నాను. కొత్త కార్డు ఎంత వడిగలదైనా, పని పాత కార్డు నడకతోనే సాగింది. ఆ కాసేపూ ఎదురుచూడటం నాకు బరువనిపించలేదు.