గ్రీకులు ప్రయోగములు చేసిరా?

గత సంవత్సరము మా పాఠశాల చర్చాగోష్ఠిలో “ప్రాచీన గ్రీకులు ప్రయోగ విజ్ఞానము నెఱుగరు” అను విషయముపై వాదోపవాదములు జరిగినవి. పదవ తరగతివారమగు మేము నలుగురము “ఎఱుగరు” అను పక్షమున నిలిచితిమి. మా వాదము సులభముగా సిద్ధమయ్యెను. బరువైన వస్తువు తన బరువునుబట్టి వేగముగా క్రిందపడునని అరిస్టాటిల్ చెప్పెను. మేడపైనుండి రెండు రాళ్లు వదలి చూచినచో ఆ మాట చెప్పియుండడు. కావున గ్రీకులు ఆలోచించిరేకాని పరీక్షింపలేదని తీర్మానించితిమి. చప్పట్లు మ్రోగినవి. బహుమతియు మాకే వచ్చినది.

మరునాడు మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు తరగతికి వచ్చి, “బాగుగా మాట్లాడితిరి. ఆ రాళ్లను మీరెప్పుడైన వదలి చూచితిరా?” అని యడిగిరి. మేము మాటాడలేదు. వారు మా నలుగురి రికార్డు పుస్తకములను ప్రక్కప్రక్కన పరచిరి. లోలకపు ప్రయోగమునకు నలుగురమును ఒకే అంకెలు వ్రాసియుంటిమి. అవి తమిళ మాధ్యమ విభాగములోని స్నేహితుని పుస్తకమునుండి దించుకొన్నవి. తమిళపు మాటలను తెలుగు చేసితిమి. అంకెలను మాత్రము ముట్టలేదు. వారు కోపపడలేదు. “గ్రీకులపై మీరు మోపిన నేరము ఎవరిదో విచారింపుడు” అని పుస్తకములు తిరిగి యిచ్చిరి. మాకు తలయెత్త బుద్ధిపుట్టలేదు.

ఆ విచారణ మూడు నెలలు సాగినది. మొదట మాకెదురైనవాడు క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దమునాటి ఎంపిడోక్లిస్. అడుగున చిల్లులును, పైన సన్నని మెడయు గల నీటిపాత్రను ఆయన వర్ణించెను. మెడను వ్రేలితో మూసి ముంచినచో లోపలి గాలి యడ్డగించుటచే నీరు లోనికి రాదు. వ్రేలు తీయగనే వచ్చును. మేము పాత డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి చూచితిమి; అట్లే జరిగెను. అయితే ఆయన దీనిని ఊపిరి పీల్చుటకు పోలికగా చెప్పెనేకాని, ఆ పోలిక నిజమా యని వేరుగా పరీక్షించినట్లు కానరాదు. మేము నిందించిన అరిస్టాటిల్ సైతము కోడిగ్రుడ్డులో పిండము దినక్రమమున పెరుగు తీరును, రక్తపుచుక్కవలె హృదయము కానవచ్చుటను వ్రాసియుండెను. చూడనివాడు అట్లు వ్రాయజాలడు.

పిమ్మట పైథాగరస్‌ను గూర్చి తరువాతివారు వ్రాసిన కథ చదివితిమి. ఒకే విధమగు తీగలకు 6, 12 పాళ్ల బరువులు వ్రేలాడదీయగా, రెండవది సరిగా పైస్థాయి స్వరము పలికెనట! మేము పలకపై ఉక్కుతీగ బిగించి, కిరాణా కొట్టునుండి తూకపు రాళ్లు తెచ్చి చూచితిమి. ఒక కిలో వ్రేలాడదీసి ఆ స్వరమును షడ్జముగా నుంచుకొంటిమి. రెండు కిలోలు కట్టగా, సంగీతము నేర్చుకొనుచున్న మా సహాధ్యాయిని విని, “ఇది పై షడ్జము కాదు, ప్రతిమధ్యమము” అనెను. నాలుగు కిలోలు కట్టినప్పుడే పై షడ్జము పలికినది. తీగ పొడవు సగము చేసినప్పుడు మాత్రము ఆ లెక్క సరిపోయినది. బరువులను గూర్చిన ఆ తప్పు కథను వేయి సంవత్సరములకు పైగా పండితులు ఒకరినిచూచి యొకరు వ్రాసికొనిరి. 1589లో గెలీలియో తండ్రి విన్చెంజో గెలీలీ దానిని సరిదిద్దెను. ఇది చదువునప్పుడు మా రికార్డు పుస్తకములే కన్నులయెదుట నిలిచినవి.

క్రీస్తుశకము 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో టాలమీ, గాలినుండి నీటిలోనికి పోవు కాంతి యెంత వంగునో కోణములు కొలిచెను. ఇది నిస్సందేహముగా ప్రయోగమే. పతనకోణము 60 డిగ్రీలైనప్పుడు ఆయన యిచ్చిన 40½ నేటి లెక్కకును సరిపోవుచున్నది. కాని ఆయన పట్టికలోని 8, 15½, 22½, 29 మొదలగు అంకెల భేదములు వరుసగా అరడిగ్రీ చొప్పున తగ్గుచుండును. చివర 80 డిగ్రీలవద్ద 50 అని యున్నది. నేటి లెక్కకు 47½ సుమారు. కొలతలను ఒక నియమమునకు తగినట్లు సవరించెనని పండితుల యభిప్రాయము.

మా రాళ్ల మాటయు పాతదే. 6వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలోనే ఫిలోపోనస్, మిక్కిలి భేదముగల రెండు బరువులను ఒకే ఎత్తునుండి వదలినచో, పడుకాలములందు భేదము అత్యల్పమని గ్రీకు భాషలోనే వ్రాసెను. అరిస్టాటిల్‌ను రాళ్లతో ఖండించినవాడును గ్రీకు పండితుడే!

కావున గ్రీకులు ప్రయోగములు చేసిరనియే మేమిప్పుడు చెప్పుదుము. ప్రయోగము చెప్పినదే తుదితీర్పని యందరును అంగీకరించు అలవాటు మాత్రము వారిలో స్థిరపడలేదు. ఆ అలవాటు మాలోను స్థిరపడలేదు. అంకెలు దించుకొన్న నాడు మాకు రికార్డులోని మార్కులే తుదితీర్పుగా నుండెను.

లోలకపు ప్రయోగమును మరల చేసితిమి. మీటరు పొడవు దారముతో 20 డోలనములకు ఒకసారి 41 సెకండ్లు, ఒకసారి 39½ సెకండ్లు వచ్చినవి. నలుగురి అంకెలును కలియలేదు. అట్లే వ్రాసితిమి. ఉపాధ్యాయులవారు దిద్దక సంతకము చేసిరి.

తమ్ములారా, చెల్లెండ్రారా! ఆ తీగయు, పలకయు మా తరగతి గది మూలనున్నవి. తూకపు రాళ్లను మాత్రము కొట్టువారికి తిరిగి యిచ్చితిమి. మీరే అడిగి తెచ్చుకొనుడు. మేము వ్రాసితిమని నమ్మక, ఒకసారి మీటి వినుడు.