మెడికల్ అన్‌ఫిట్

జోసెఫ్ హెల్లర్ నవల 'క్యాచ్-22' 1961లో వచ్చింది. అందులో ఒక నిబంధన ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానం ఎక్కేవాడికి మతి చెడితే డాక్టరు వాణ్ని ఆ పని నుంచి తప్పించవచ్చు. కాకపోతే ఆ మాట వాడే వచ్చి అడగాలి. అడిగాడంటే ప్రాణం మీద తీపి ఉన్నట్టు. ప్రాణం మీద తీపి ఉన్నవాడికి మతి నిక్షేపంగా ఉన్నట్టు. అందుకని నోరు మూసుకుని విమానం ఎక్కాలి.

నేనుండే ఇండియానాలో, ఊరి లైబ్రరీలో కలిసి పుస్తకాలు చదివే కొందరి మధ్య కూర్చున్నప్పుడు ఈ పేజీల దగ్గర అందరూ పగలబడి నవ్వారు. ఏం అతిశయోక్తి అన్నారు. నాకు మాత్రం కొత్తగూడెంలోని సింగరేణి మెడికల్ బోర్డు గుర్తొచ్చింది.

సింగరేణి బొగ్గుగనుల సంగతి తెలియనివాళ్ల కోసం చెప్పాలి. బాయిలో, అంటే గనిలో దిగే కార్మికుడు జబ్బుపడి పనికిరాడని బోర్డు తేలిస్తే, అంటే 'మెడికల్ అన్‌ఫిట్' చేస్తే, కొడుక్కి ఉద్యోగం వస్తుంది. బెల్లంపల్లి బస్తీల్లో తండ్రి ఊపిరితిత్తులు ఎంత చెడితే కొడుకు పెళ్లి సంబంధాలు అంత బాగుంటాయి. అయితే రోగం కూడా లెక్క ప్రకారం రావాలి. రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్లయినా ఉండగానే రావాలి. నిజంగా మంచాన పడి పనికి పోకపోతే మస్టర్లు, అంటే హాజరు తగ్గుతాయి, ఏడాదికి ఇన్నని నిండకపోతే ఉద్యోగమే ఊడే ప్రమాదం. పోనీ దగ్గుకుంటూ, ఆయాసపడుకుంటూ మస్టర్లు నింపాడా, రోజూ పనికొస్తున్నవాడు అన్‌ఫిట్ ఎట్లవుతాడు?

దీని మీద చాయ్ హోటళ్లలో ఒక జోకు తిరిగేది.

"ఏం రోగమయ్యా నీకు?"

"దమ్ము సార్. నాలుగడుగులు నడువలేను."

"మరి ఇంత దూరం ఎట్లొచ్చినవ్?"

"బస్సుల సార్."

"ఇంటికాన్నుంచి బస్టాండు దాకా?"

"నడిచే సార్."

"ఫిట్! బాయిల దిగు."

తర్వాతివాణ్ని ఈ భయానికే కొడుకు వీపు మీద మోసుకుపోయాడట. డాక్టరు కొడుకు గుండె మీద స్టెతస్కోపు పెట్టి, వీడు ఫిట్, తండ్రి సంగతి మళ్లీ చూద్దాం అన్నాడట. ఈ జోకు చెప్పేవాళ్లూ దమ్ముతోనే చెప్పేవాళ్లు. నవ్వు దగ్గులోకి తిరిగేది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వేవాళ్లు.

అసలు కథ జోకును మించింది. 2016లో సింగరేణిలో వారసత్వ ఉద్యోగాలు ప్రకటించారు. 2017లో హైకోర్టు కొట్టేసింది, ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా పోవడం రాజ్యాంగానికి సరిపడదని. 2018 నుంచి కారుణ్య నియామకాలు మొదలయ్యాయి. ఆరోగ్యంగా ఉన్న తండ్రి కొడుక్కి ఇస్తే వారసత్వం, చెడిపోయిన తండ్రి ఇస్తే కారుణ్యం. హెల్లర్‌కు ఈ ఫైలు దొరికి ఉంటే ఇంకో అధ్యాయం రాసేవాడు.

ఆయన ఊహించి రాయలేదు. స్వయంగా బాంబర్ విమానంలో 60 సార్లు యుద్ధానికి ఎగిరినవాడు. నవలలో కర్నల్ క్యాత్‌కార్ట్ 50 అయ్యాయనగానే 55 అంటాడు, 55 అయ్యాయనగానే 60 అంటాడు. ప్రొడక్షన్ టార్గెట్లు చూసి పెరిగిన మా ఊరివాళ్లకు ఈ కర్నల్ బాగా తెలిసినవాడే.

అదే నవలలో డాక్ డనీకా అనే డాక్టరు ఉన్నాడు. విమానం ఎక్కకుండానే ఎక్కినట్టు పేరు రాయించుకుంటాడు, అదనపు జీతం కోసం. ఆ విమానం కూలిపోతుంది. ఎదురుగా నిలబడి నేనిక్కడే ఉన్నానని మొత్తుకున్నా ఎవరూ వినరు. కాగితంలో చచ్చాడు కాబట్టి చచ్చినట్టే. కొన్నాళ్లకు భార్య కూడా ఇన్సూరెన్సు డబ్బు తీసుకుని, పిల్లలతో ఇల్లు మారిపోతుంది.

ఈ భాగం చదువుతుంటే బెల్లంపల్లి కన్నాల బస్తీలో మా పక్కింటి మామ కళ్ల ముందు మెదిలాడు. అప్పట్లో ఒకడికొచ్చిన నౌకరీలో ఇంకొకడు చేరేవాడు. బాయిలో దిగాలంటే భయపడి ఊరికి పారిపోయినవాడి పేరు మీద, వాడి చుట్టమో దోస్తో దిగేవాడు. సింగరేణి ఊళ్లన్నిటా దీన్ని మారుపేర్ల సమస్య అంటారు, యూనియన్ల డిమాండ్లలో ఇప్పటికీ ఉంటుంది. మా మామకు బాయి మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. జీతం, ప్రావిడెంటు ఫండు, చార్జిషీటు అన్నీ మొదటి పేరుకు. పెళ్లి, పిల్లలు, అప్పులు రెండో పేరుకు. దగ్గు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. కొడుకు నౌకరీకి కాగితాలు పెట్టేనాటికి తేలిందేమిటంటే, అన్‌ఫిట్ కావాల్సినవాడికి కొడుకే లేడు, కొడుకున్నవాడు ఎన్నడూ బాయిలో దిగలేదు. ఆయన ఇంటికొచ్చి అత్తతో, "నేను ఎవన్నో రేపు చెప్తరట" అన్నాడు. అత్త అన్నం పెడుతూ, "ఎవలైతేంది, బువ్వ తిను" అంది.

ఇట్లాంటి రచనలకు బ్లాక్ హ్యూమర్ అన్న పేరు స్థిరపడటానికి బ్రూస్ జే ఫ్రీడ్‌మన్ 1965లో అదే పేరుతో తెచ్చిన సంకలనం ఒక కారణం. అమెరికన్ పాఠకులు దీన్ని ఒక శైలిగా చూస్తారు. నాకు అది పనిచోట పుట్టిన మాటతీరులా అనిపిస్తుంది. ప్రాణం ఎవరి చేతిలోనో ఉన్నవాడు మాట్లాడే తీరు.

ఈ మాట హెల్లర్ కంటే కర్ట్ వొనెగట్ విషయంలో ఇంకా నిజం. ఆయనది మా ఇండియానాపోలిసే. 1922 నవంబరు 11న పుట్టాడు. యుద్ధానికి పోయి 1944 డిసెంబరులో జర్మన్లకు పట్టుబడ్డాడు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ నగరం మీద బాంబులు కురిసినప్పుడు, ఒక కబేళా కింద నేలమాళిగలో, వేలాడే మాంసం మధ్య కూర్చుని బతికాడు. తర్వాత ఆయన చేత చేయించిన పని, కూలిన ఇళ్ల కింద తవ్వి శవాలు బయటికి తీయడం. 'స్లాటర్‌హౌస్-ఫైవ్'లో ఆ తవ్వకాలను గనులనే అంటాడు. అక్కడ నేను పుస్తకం మూసేశాను. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు తన్నుకొచ్చి 17 మంది పోయారు. శవం కోసం బాయి దగ్గర ఎదురుచూడటమంటే ఏమిటో సింగరేణి ఇళ్లకు తెలుసు.

ఆ పుస్తకం రాయడానికి వొనెగట్‌కు 1969 దాకా పట్టింది. యుద్ధానికి పోయినప్పుడు మీరు పసిపిల్లలు, మిమ్మల్ని సినిమా హీరోల్లా చూపిస్తావు కదా అని ఒక స్నేహితుడి భార్య మేరీ ఓహేర్ ఆయన మీద మండిపడింది. పుస్తకం ఆమెకూ అంకితమిచ్చాడు. 1973లో నార్త్ డకోటాలోని డ్రేక్ అనే ఊళ్లో స్కూలు బోర్డు ఆ పుస్తకం ప్రతులు 32 ఫర్నేసులో వేసి కాల్చింది. ఇండియానాపోలిస్‌లోని ఆయన మ్యూజియంలో టైప్‌రైటరు, పర్పుల్ హార్ట్ పతకం, పాల్‌మాల్ సిగరెట్లు ఉన్నాయి. మా బాపు ఇక్కడికి వచ్చినప్పుడు చూపించాను. యుద్ధం గురించి ఏమీ అడగలేదు. "బొగ్గుల పనిచేసినోడు కూడా ఇన్ని సిగరెట్లు తాగడు" అన్నాడు.

వొనెగట్ మొదటి నవల 'ప్లేయర్ పియానో' (1952) ఇక్కడ తక్కువమంది చదువుతారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ప్రచార విభాగంలో పనిచేసిన అనుభవంతో రాశాడు. ఒక మంచి పనివాడి చేతి కదలికలను టేపులో ఎక్కించుకుని, ఆ టేపుతో యంత్రాలు నడిపించి, పనివాడిని ఇంటికి పంపేస్తారు. సింగరేణిలో తట్టాచెమ్మాసులతో బొగ్గెత్తే ఫిల్లర్ల చోటుకు ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బెల్లంపల్లి ఏరియా అన్న పేరు మిగిలింది గాని, దాని జనరల్ మేనేజరు ఆఫీసు గోలేటిలో ఉంది. బెల్లంపల్లిలో మిగిలిన శాంతిఖని మందమర్రి ఏరియా కిందికి పోయింది. ఊరికి కూడా మారుపేరు సమస్యే.

మరి మన దగ్గర ఈ నవ్వు రాసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వొనెగట్ పుట్టిన ఏడాదే, 1922 జూలైలో, శ్రీకాకుళంలో రావిశాస్త్రి పుట్టాడు. కోర్టులను, సారా కేసులను ఆయన చూసిన చూపు హెల్లర్‌కేమీ తీసిపోదు. పతంజలి 'గోపాత్రుడు'లో భూమి ఆకారం కోసం మనుషులు కొట్టుకుంటారు. ఇద్దరూ ఉత్తరాంధ్రవాళ్లు. మా వైపు అల్లం రాజయ్య బొగ్గుగనుల బతుకుల్లోని కోపాన్ని నిలబెట్టాడు, ఆ కోపం అబద్ధం కాదు. 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టిన కాలంలో, ఎన్‌కౌంటర్ల మధ్య, నవ్వు ద్రోహంలా కనిపించి ఉండవచ్చు. కాని అదే కార్మికుడు షిఫ్టు దిగి చాయ్ దగ్గర చెప్పిన జోకులు, నేను చదివినంతలో, ఏ నవలలోనూ పూర్తిగా ఎక్కలేదు. పోరాడేవాడు నవ్వకూడదని ఎవరు చెప్పారో తెలియదు. వొనెగట్ కూడా కోపంతోనే నవ్వాడు.

ఆ జోకులు ఎక్కే నవల ఎవరైనా రాస్తే, బాయి మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్న మనిషి దానికి హీరో కావాలి. ఇద్దరిలో ఎవరు రిటైరవ్వాలో తేల్చడానికి ఒక ఎంక్వయిరీ కమిటీ వేయాలి. ఒకడు ఫిట్, ఒకడు అన్‌ఫిట్ అని బోర్డు తేల్చాలి. రాసేవాడు మారుపేరుతో రాసినా నాకేం అభ్యంతరం లేదు.