శిరస్త్రాణము

భయము రెండు తెఱగులది. పులిని చూచి పరుగెత్తించునది యొకటి. పులి లేనిచోట పులిని పుట్టించి పరుగెత్తించునది రెండవది. మొదటిదానికి లోకము జాలిపడును, రెండవదానికి నవ్వును. అయినను గుండె కొట్టుకొనుటయందును, చెమట పట్టుటయందును, కాళ్లు వణకుటయందును ఈ రెండింటికిని భేదము లేదు. రెండవ తెగకు చెందిన యొక భయమును గూర్చియు, అది మా యింటినుండి తొలగిన తీరును గూర్చియు చదువరులకు విన్నవింపదలచితిమి. వస్తువు చిన్నదే. మోటారుసైకిలు నడపువారు తలకు ధరించు హెల్మెటు. పూర్వపు మాటలో దానిని శిరస్త్రాణ మనవచ్చును. తలను కాపాడుటకు పుట్టిన యా వస్తువే తలకెక్కిన వెంటనే ప్రాణము తీయునట్లు తోచినచో మనుష్యుడేమి చేయవలెను?

మా కాపురము తార్నాకలో. మా కొలువు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో. తారనగా తీగె, నాకా యనగా కావలిచోటు. ఒకప్పుడు ముండ్లతీగె కట్టిన కావలి యుండుటచే ఈ పేటకా పేరు వచ్చెనని పెద్దలందురు. ఇప్పుడా తీగెయు లేదు, కావలియు లేదు. హబ్సిగూడనుండియు, లాలాపేటనుండియు, మెట్టుగూడనుండియు వచ్చి చౌరస్తాలో చిక్కుపడు బండ్లే కంచెవలె నిలుచుచున్నవి. 2017లో మెట్రో రైలు వచ్చి నెత్తిమీదుగా పోవుచున్నను క్రింది రద్దీ తీఱలేదు. మా గృహిణి యొక యాసుపత్రిలో నర్సు. మధ్యాహ్నపు పాళీ ముగించుకొని ఆమె బయటికి వచ్చుసరికి రాత్రి పది దాటును. ఆ యాసుపత్రి మెట్రోదారికి దూరము. కావున ఏండ్ల తరబడి మేమే మోటారుసైకిలుపై పోయి యామెను తీసికొనివచ్చుచుంటిమి.

2021 మే మాసమున కోవిడు రెండవ విజృంభణములో మేమును పడితిమి. పదునొకండు దినములు ముక్కును నోటిని మూసిన ముసుగుగుండ ప్రాణవాయువు పీల్చుచు మంచముపై నుంటిమి. ప్రక్క మంచములు ఖాళీ యగుటయు, మరల నిండుటయు చూచితిమి. వైద్యుల శ్రమచే బ్రదికి యిల్లు చేరితిమి. రెండు మాసములకు ఒంట బలము కూడుకొన్నది. అప్పుడొకనాటి రాత్రి యెప్పటివలె హెల్మెటు ధరించి, గడ్డము క్రింది పట్టీ బిగించి, ముందరి అద్దము దింపితిమి. మా యూపిరి మాకే వేడిగా తిరిగి ముఖమునకు తగిలెను. ఆ తగులుటతో ఆసుపత్రి ముసుగు మరల ముఖముపై బడినట్లయ్యెను. గుండె గొంతులోనికి వచ్చెను. వ్రేళ్లు తిమ్మిరెక్కెను, పట్టీ కొక్కెము చేతికి దొరకదయ్యెను. ఎట్లో ఊడబెఱికి అరుగుమీద కూలబడితిమి. మఱునాడును అంతే. ఆ మఱునాడును అంతే.

హెల్మెటు లేక బండి నడపుట మాకు సమ్మతము కాదు. హెల్మెటుతో నడపుట సాధ్యము కాదు. కావున బండి మూలబడెను. గృహిణి రాత్రివేళ ఒంటరిగా ఆటోలు వెదకికొనుచు వచ్చెడిది. పండ్రెండేండ్ల మా యమ్మాయి, తల్లి గేటు తీసిన చప్పుడు వినువఱకు నిద్రపోయెడిది కాదు. ఒక వానరాత్రి ఆటో దొరకక మా గృహిణి గంటన్నరసేపు ఆసుపత్రి మెట్లమీద కూర్చుండెను. భయము మా తలలోనే యుండినచో మేము సహించియుందుము. అది యింటివారి కాళ్లకు సంకెల యగుటను సహింపజాలకపోతిమి.

సలహాలకు కొదువ లేదు. మా యమ్మ "ఏదో గాలి సోకినట్టున్నది బిడ్డా, తాయెత్తు కట్టిచ్చుకో" అనెను. ఒక మిత్రుడు "మోచేతికి తగిలించుకొని పోవోయ్! పోలీసు కనబడినప్పుడు నెత్తిన పెట్టుకొందువుగాని" యనెను. మఱియొకడు నవ్వుచు ఎఱ్ఱగడ్డకు దారి చెప్పెను. మొదటి మాటలో ప్రేమ కలదు. రెండవ మాటలో తెలివి కలదు. మూడవ మాటలో రెండును లేవు. ఎఱ్ఱగడ్డలో మానసిక వైద్యాలయ ముండుటచే ఈ నగరమున ఆ యూరిపేరే తిట్టయినది. కన్ను నొచ్చినవాడు కంటివైద్యునియొద్దకు పోయిన నెవరును నవ్వరు. మనస్సు నొచ్చినవాడే దొంగవలె దాగి పోవలెనా? చదువుకొన్న యిండ్లలో సైతము ఈ యన్యాయము సాగుచుండుట విచారకరము.

మోచేతి హెల్మెటు మిత్రునికి మేము చెప్పిన సమాధాన మిది. 1935లో టి. ఇ. లారెన్సు అను ప్రసిద్ధుడైన యాంగ్లేయుడు మోటారుసైకిలు ప్రమాదమున తలకు దెబ్బ తగిలి మరణించెను. ఆయనకు చికిత్స చేసినవారిలో నొకడగు హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు ఆ విషయమును మఱువక పరిశోధించి, హెల్మెటు ప్రాణము నిలుపుననుటకు నిదర్శనములు 1941లో ప్రకటించెను. తరువాత పెక్కుమంది చేసిన పరిశోధనలను కలిపి చూడగా, హెల్మెటువలన మరణములు నూటికి 42 వంతునను, తలగాయములు నూటికి 69 వంతునను తగ్గునని తేలినది. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణింపగా, వారిలో 50,029 మంది హెల్మెటు లేని ద్విచక్రవాహనదారులని ప్రభుత్వపు లెక్క. అందు 14,337 మంది వెనుక కూర్చున్నవారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము హెల్మెటును విధిగా చేసినది. 2019 సవరణ జుల్మానాను వేయి రూపాయలు చేసినది. వేయి రూపాయలకు వెఱచి మోచేతికి తొడిగిన హెల్మెటు మోచేతినే కాపాడును.

మార్గము చూపినది మా గృహిణియే. ముందుగా వైద్యునిచే మా గుండెను, ఊపిరితిత్తులను పరీక్ష చేయించి, లోపము లేదని నిశ్చయించుకొన్నది. తరువాత ఇట్లు చెప్పినది: "ఏమండీ, భయము కలిగినప్పుడు మీరు వేగముగా ఊపిరి తీయుచున్నారు. అందువలన రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి తల తిరుగును, వ్రేళ్లు తిమ్మిరెక్కును, గాలి చాలనట్లు తోచును. హెల్మెటు క్రిందివైపు తెఱచియే యున్నది. గాలికి లోటు లేదు. భయము పెచ్చు పెరిగినప్పుడు మీరు దానిని తీసివేయుచున్నారు. తీసినందుననే బ్రదికితినని మనస్సు నేర్చుకొనుచున్నది. ఇకమీదట భయము దిగిన తరువాతనే తీయండి."

ఈ మాట ఆమె కల్పించినది కాదు. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్సు అను విదుషి, కుందేలును చూచిన జడిసిపోవు పీటరను బాలుని యెదుట, వాడిష్టమైన తిండి తినుచుండగా కుందేలును దినదినము కొంచెము దగ్గఱకు జరుపుచు వచ్చి, తుదకు వాడు దానిని నిమురునట్లు చేసెను. జోసెఫ్ వోల్పె యను దక్షిణాఫ్రికా వైద్యుడు 1958లో ఇట్టి మెట్లుమెట్ల చికిత్సను శాస్త్రముగా కూర్చెను.

మాకు కుందేలు హెల్మెటే. ఐ.ఎస్.ఐ. ముద్ర కలిగి, గడ్డపు భాగము పైకెత్తుటకు వీలైనదానిని, చెంపలను నొక్కక తలకు సరిపడుదానిని కొంటిమి. మొదటి వారము దానిని ఒడిలో పెట్టుకొని కూర్చుండుటయే పని. రెండవ వారము పట్టీ బిగింపక, అద్దము దింపక, కుర్చీలో కూర్చుండి తలకు పెట్టుకొంటిమి. భయమునకు సున్న మొదలు పదివఱకు అంకెలు పెట్టి నిమిషమున కొకటి చొప్పున చెప్పుచుండగా మా యమ్మాయి నోటుపుస్తకములో వ్రాసెను. మొదటినాడు ఎనిమిది, నాలుగు నిమిషములకు తొమ్మిది, పండ్రెండు నిమిషములకు నాలుగు. ఎవరును ఏమియు చేయకయే భయము దిగివచ్చుట మేమానాడు కన్నులార చూచితిమి. లోపలికి నాలుగు లెక్కపెట్టి ఊపిరి తీయుట, బయటికి ఆఱు లెక్కపెట్టి విడుచుట అలవాటు చేసికొంటిమి. పిమ్మట పట్టీ, పిమ్మట అద్దము, పిమ్మట నిలిపియున్న బండిపై కూర్చుండుట.

ఆఱవ వారము ఆదివారపు ప్రాతఃకాలమున విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి బండి తీసితిమి. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల యెదుట ఆ వేళ నడకవారు తప్ప వేఱొకరు లేరు. మెల్లగా పోవుచుండగా ఇంజనీరింగు కళాశాల దరిదాపులలో పాత భయము మరల తల యెత్తెను. బండిని చెట్టుక్రింద ఆపి, అద్దము పైకెత్తి, హెల్మెటు మాత్రము తీయక, కనబడిన పేరుపలకలను బిగ్గరగా చదువుచు కూర్చుంటిమి. దారిని పోవు ముసలాయన యొకడు నిలిచి వింతగా చూచెను. చూడనిచ్చితిమి. పది నిమిషములకు అంకె మూడునకు దిగెను, బండి కదలినది. భయము పూర్తిగా నెమ్మదించినదాక రద్దీరోడ్డు త్రొక్కరాదని మా నియమము. ఎనిమిదవ వారమున తార్నాక చౌరస్తా దాటితిమి. ఆ శనివారపు రాత్రి గృహిణిని తీసికొనివచ్చితిమి. ఆమె తలపైనను ఒక హెల్మెటు. మేమిల్లు చేరుసరికి అమ్మాయి నిద్రపోయియున్నది.

ఇప్పటికిని ఎండకాలపు ఉక్కలో ఒక్కొకప్పుడు అంకె రెండునకు, మూడునకు ఎక్కుచుండును. ఎక్కినది దిగునని యెఱుగుదుము గనుక దానిని అతిథివలె వచ్చిపోనిత్తుము. అందఱికిని ఇంటిలోనే పని నెఱవేఱునని మేమనము. భయము మొండిదైనచో వైద్యుని ఆశ్రయింపవలెను. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ వారితో 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

సోదరీమణులారా, సోదరులారా! వెనుక కూర్చుండు ఇల్లాలికిని, నాలుగేండ్లు దాటిన బిడ్డకును తల కలదని మఱువకుడు. మీ యింట నెవరైన హెల్మెటును చూచిగాని, లిఫ్టును చూచిగాని, మూసిన గదిని చూచిగాని వణకినచో నవ్వకుడు, గద్దింపకుడు, తాయెత్తు కట్టకుడు. ప్రక్కన ఒక కుర్చీ వేసికొని కూర్చుండి, గడియారము చూచుచు, వారు చెప్పు అంకెలను ఓపికతో వ్రాసిపెట్టుడు.