వేప్‌కి ఏ తీగ మంచిదని అడిగిన తమ్ముడికి

ఏ.ఎస్. రావు నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్న. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. మొన్న జూనియర్ తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, వేప్ కొత్తగా మొదలుపెట్టేటోళ్లకి ఏ కాయిల్ తీగ సేఫ్?"

తెలిసింది చెప్పిన. కాంతల్‌లో ఇనుము, క్రోమియం, అల్యూమినియం ఉంటయి. నైక్రోమ్‌ది నికెల్, క్రోమియం. రూం హీటర్‌లో ఎర్రగా కాలేది అట్లాంటి తీగే. ఉత్త నికెల్, టైటానియం అయితే వేడిని కంట్రోల్ చేసే మెషిన్‌లోనే వాడాలి. కానీ 2019 నుంచి మన దేశంలో వేప్ అమ్మకమే నేరం. చాటుగా అమ్మేదాంట్లో ఏ తీగ ఉందో, ద్రవంలో నికోటిన్ ఎంతో ఎవడు చెప్తడు? అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. తెలిసి తెలిసి రూంలో స్టాక్ దాచనిచ్చినా 6 నెలల దాకా జైలు పడొచ్చు. ఫ్రెండే కదా అని బ్యాగు పెట్టుకోనిచ్చేటోళ్లు చూసుకోండి, స్టేషన్ చుట్టూ తిరగాల్సింది పని వదులుకొని ఊరి నుంచి వచ్చే అమ్మానాయనలే.

"బీడీ కన్నా నయం కదన్నా" అన్నడు. ఎండాకాలం తునికాకు కోసి 50 ఆకుల కట్టలు కట్టే ఇళ్లు మనవి, బీడీ సంగతి మనకు కొత్తనా? "నువ్వు బీడీయే తాగవు కదరా, దేని కన్నా నయం?" అన్న.

ఇప్పటికే అలవాటై మానలేకపోతున్నోళ్లు 1800-11-2356కి ఫోన్ చేయండి. ఫ్రీ.