అరచేతిలో అశోక

ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్న డైకాస్ట్ బొమ్మ మొన్న చేతికొచ్చింది. 1971లో ఎయిరిండియాకి వచ్చిన మొట్టమొదటి బోయింగ్ 747, 'ఎంపరర్ అశోక'. 1:400 కొలత కాబట్టి 70 మీటర్ల విమానం దాదాపు 18 సెంటీమీటర్లయి అరచేతిలో ఒదిగింది. కిటికీల చుట్టూ ఆ ఎర్రటి తోరణాలు కూడా వేశారండోయ్!

మురిసిపోతూ నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. పేరు చెప్పగానే, "ఇది బొంబాయి సముద్రంలో పడిపోయిందే కదరా? రేడియోలో విన్నాం" అన్నారు.

నిజమే. 1978 జనవరి 1 రాత్రి దుబాయ్‌కి బయలుదేరిన కాసేపటికే కూలింది. 213 మందిలో ఒక్కరూ మిగల్లేదు. నాకు తెలియని సంగతేం కాదు. బేరమాడేటప్పుడు మాత్రం ఒక్కసారీ గుర్తు రాలేదు.

సాయంత్రం మా బుడ్డోడు ఎగరేస్తానని చెయ్యి చాపితే, ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు.