సుత్తి దెబ్బకు దొరికిన కుళ్లు

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి, లెక్కేసుకోండి. మా ఊరికి వెనక అడవి, ముందు గోదారి. ఆ వరదలో ముసలివాళ్లనీ మేకలనీ మెరకకి చేర్చింది మా బాబాయ్ ఫైబర్ పడవే. ఇప్పుడు దాని డెక్కు ముందువైపు అడుగేస్తే మెత్తగా కుంగుతోంది. "పాతదైంది కదరా, అంతే" అంటాడు బాబాయ్. నాకు నచ్చలేదు. మేలో వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరెళ్లి, దాని మీద పడ్డాను.

రోగం ఎక్కడుందో కనుక్కోడానికి యాప్ అక్కర్లేదు, చిన్న సుత్తి చాలు. బాగున్నచోట 'టక్' మంటుంది, చెడినచోట 'దబ్'. సుద్దముక్కతో గీస్తూ పోతే మంచమంత మచ్చ తేలింది! సరిగ్గా దాని మధ్యలో తాడు కట్టే గుంజ. ఆ బోల్టు రంధ్రాల్లోంచే ఏళ్ల తరబడి నీళ్లు దిగాయి.

ఈ డెక్కు ఒకటే మందపు పలక కాదు. పైన పలచటి ఫైబర్ పొర, కింద ఇంకోటి, మధ్యలో ప్లైవుడ్. విదేశాల్లో షికారు తిరిగే తెరచాప పడవల్లో అయితే ఆ మధ్య పొర బాల్సా చెక్కో, ఫోమో. బీటెక్‌లో పరీక్ష అవగానే మర్చిపోయిన లెక్క ఒకటి ఇక్కడ గుర్తొచ్చింది: పలక మందం రెట్టింపైతే బిగువు 8 రెట్లవుతుంది. మధ్యలో చెక్క ఉండేది ఆ రెండు పొరల్నీ ఎడంగా, జారకుండా పట్టుకోడానికే. అది కుళ్లితే పొరలు దేనికది వంగుతాయి. "పైన ఇంకో కోటింగ్ వేసెయ్" అని ఊళ్లో అందరూ చెప్పారు. బరువు పెరుగుతుంది, కుళ్లు లోపలే ఉంటుంది. వద్దన్నాను.

గ్రైండర్‌తో పైపొర కోసి తీస్తే ప్లైవుడ్ తడిసిన టీ పొడిలా చేతికొచ్చింది. వాసన సంగతి అడక్కండి. మొత్తం గీకి, 4 రోజులు ఎండకి వదిలేశాం. తర్వాత మెరైన్ ప్లైవుడ్ ముక్కలకి అంచులతో సహా ఎపాక్సీ పట్టించి, అతికించి, పైన ఇసుక బస్తాలు పెట్టాం. పాత ఫైబర్‌ని పాలిస్టర్ రెజిన్ కంటే ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది. ఖరీదెక్కువే, కానీ ఇక్కడ పొదుపు పనికిరాదు. మధ్యాహ్నం కలిపితే మగ్గులోనే వేడెక్కి గడ్డకడుతుంది కాబట్టి తెల్లారుజామునే, కొంచెం కొంచెంగా కలిపేవాళ్లం. ఆపైన గాజు గుడ్డ పొరలు. చుట్టూ పాత ఫైబర్ అంచుని వాలుగా అరగదీస్తేనే కొత్తది దాంతో కలుస్తుంది. ఆ దుమ్ముకి కర్చీఫ్ కాదు, మంచి మాస్కు కావాలి.

గుంజ దగ్గర ఇంకాస్త ఓపిక పట్టాం. బోల్టు కంటే పెద్ద రంధ్రం తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలోంచి బోల్టుకి సరిపడా మళ్లీ తొలిచాం. ఇక నీళ్లు దిగినా చెక్కకి తగలవు.

వెనకవైపు ఇంకో రెండు చోట్ల 'దబ్' అంటోంది. వానల్లోపు అవి తెరవడం కుదర్లేదు. ఈ ఏడు వరదొస్తే అక్కడ ఎవర్నీ కూర్చోబెట్టనని బాబాయ్‌తో ఒట్టేయించుకున్నా. దసరాకి మళ్లీ సెలవడగాలి.